క్యాసినోకి ఒడ్డు రాసిచ్చే ముందు: సరస్సు మత్స్యకారులకు బహిరంగ లేఖ

సంఘం పెద్దలకు, సొంత పడవలున్నవాళ్లకు, పడవ లేక కూలికి వల లాగేవాళ్లకు, ఒడ్డున చేపలు కొని అమ్ముకునే అక్కచెల్లెళ్లకు నమస్కారం.

సరస్సు ఒడ్డున చేపల మీద బతికే ఊళ్లలో ఎక్కడ క్యాసినో మాట వచ్చినా, ఆ ఊరివాళ్లందరికీ కలిపి ఈ ఉత్తరం రాస్తున్నాను. ఇలాంటి ప్రతిపాదనలు తెచ్చేవాళ్ల ఫైళ్లు దాదాపు ఒకేలా ఉంటాయి. మొదటి పేజీలో రంగుల బొమ్మ. నీళ్లు నీలంగా ఉంటాయి, ఒడ్డు పొడవునా నడకదారి, దీపాలు, మధ్యలో తెల్లటి షికారు పడవ ఒకటి. మీ పడవలుండవు, ఆరేసిన వలలుండవు, చేపల బుట్టలుండవు. ఆ బొమ్మ గీసినవాడు మిమ్మల్ని మరిచిపోయాడని అనుకోకండి. ప్రాజెక్టు పూర్తయ్యాక ఒడ్డు ఎలా ఉండాలో అలాగే గీశాడు. తర్వాతి పేజీలో ఉద్యోగాల సంఖ్య పెద్ద అక్షరాల్లో ఉంటుంది. లీజు ఎన్నేళ్లు, ఒడ్డు మీద హక్కు ఎవరిది, కంపెనీ మూతపడితే ఏమవుతుంది అన్నవి మాత్రం ఎక్కడో చివర ఉంటాయి. నేను మాట్లాడేది ఆ చివరి పేజీల గురించే.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఒడ్డు మీరిచ్చి, యాజమాన్యం బయటి కంపెనీది అయ్యి, మీకు ఉద్యోగాలు మాత్రం దక్కే పద్ధతిలో అయితే ఒప్పుకోవద్దు. జూదం పాపం కాబట్టి వద్దనడం లేదు. ఆ ఉపన్యాసం మీకివ్వడానికి నేనెవర్ని? సరే అందామనేవాళ్లను తప్పుపట్టను కూడా. చేప తగ్గింది, పెట్టుబడి పెరిగింది, చదువుకున్న పిల్లలు వల ముట్టుకోం అంటున్నారు. "మీ జీవితం ఎంత అందంగా ఉంటుందో" అని వచ్చి ఫొటోలు తీసుకునే వాళ్లెవరూ తెల్లవారుజామున చలిలో నడుం లోతు నీళ్లలో నిలబడి ఉండరు. నెలకింత అని ఖాయంగా జీతం వస్తుందంటే ఎవరికైనా ఆశ పుడుతుంది. ఆ ఆశకు తగ్గ ధర కట్టి తీసుకోమనే నేను చెప్పేది.

క్యాసినో పెట్టుకున్న మత్స్యకార సమాజాలు లేకపోలేదు. అమెరికాలో మిషిగన్ రాష్ట్రానికి ఉత్తరాన, లేక్ సుపీరియర్ ఒడ్డున బే మిల్స్ అనే ఒజిబ్వే ఆదివాసీ తెగ ఉంది. తరతరాలుగా చేపలు పట్టి బతికినవాళ్లు. 1836లో అమెరికా ప్రభుత్వంతో చేసుకున్న ఒడంబడికలో వాళ్ల పూర్వీకులు భూములు వదులుకున్నారు కానీ, చేపలు పట్టే హక్కును వదులుకోలేదు. 1971లో ఆ తెగ జాలరి ఒకరు లైసెన్సు లేకుండా వల వేశాడని రాష్ట్ర ప్రభుత్వం కేసు పెట్టింది. తెగ కోర్టుకెక్కింది. 1976లో రాష్ట్ర సుప్రీంకోర్టు, 1979లో ఫెడరల్ (కేంద్ర) కోర్టు ఆ హక్కు చెల్లుతుందని చెప్పాయి. ఆ తర్వాతే, 1984లో, వాళ్లు కింగ్స్ క్లబ్ పేరుతో చిన్న క్యాసినో తెరిచారు. అమెరికాలో ఒక తెగ తానే నడుపుకున్న తొలి క్యాసినోల్లో అదొకటి.

ఈ వరసను కాస్త గమనించండి. ముందు నీటి మీద హక్కు కోర్టు తీర్పుగా చేతికొచ్చింది, జూదశాల తర్వాత వచ్చింది. వచ్చినదానికి యజమాని కూడా తెగే. 1988లో వచ్చిన అమెరికా చట్టం ప్రకారం తెగల క్యాసినోలు తెగ సొంతంగా ఉండాలి, మిగులు డబ్బు తెగ పాలనకీ సంక్షేమానికీ అలాంటి పనులకే వాడాలి. అలా పెట్టుకున్న తెగలన్నీ బాగుపడిపోయాయని చెప్పను. పెద్ద నగరాలకు దగ్గరున్నవాటికి బాగా కలిసొచ్చింది, దూరంగా విసిరేసినట్టున్న వాటికి అంతంతమాత్రమే. కానీ లాభం వచ్చినచోట అది చాలామటుకు ఊళ్లోనే ఉండిపోయింది. నార్త్ కరోలినాలో చెరోకీ తెగవాళ్లు క్యాసినో లాభంలో కొంత ఇంటింటికీ పంచారు. ఆ డబ్బుతో పేదరికం నుంచి బయటపడ్డ కుటుంబాల్లో పిల్లల ప్రవర్తన సమస్యలు తగ్గాయని 2003లో వచ్చిన ఒక అధ్యయనం తేల్చింది. క్యాసినో వద్దనేవాళ్లు ఈ సంగతి దాచిపెడుతుంటారు. దాచాల్సిన పనేమీ లేదు. మీ ముందున్న ఫైలు ఆ పద్ధతిలో ఉందా లేదా అన్నదే చూసుకోవాలి.

ఇక రెండో కథ బిలాక్సీ ఊరిది. ఇది మిసిసిపీ రాష్ట్రంలో ఉంది, సరస్సు మీద కాదు, సముద్రం అంచున. అయినా మీకు దగ్గరి కథ ఇదే. 20వ శతాబ్దం మొదట్లో రొయ్యలకూ ఆయిస్టర్లనే ఆల్చిప్పలకూ ప్రపంచ రాజధాని అని చెప్పుకున్న ఊరు. పాయింట్ కాడెట్ అనే పేటలో డబ్బాల్లో రొయ్యలు నింపే కర్మాగారాలు, వాటిని ఆనుకుని కూలీల ఇళ్లు ఉండేవి. క్రొయేషియా నుంచి వచ్చినవాళ్లు, ఫ్రెంచి మాట్లాడేవాళ్లు, 1970ల చివర్లో వియత్నాం యుద్ధం తర్వాత వచ్చిన జాలర్లు, అందరూ అక్కడే స్థిరపడ్డారు. రాష్ట్రం 1990లో క్యాసినోలకు చట్టం చేసింది. 1992 ఆగస్టులో బిలాక్సీలో మొదటిది తెరుచుకుంది. నేల మీద జూదం వద్దనేవాళ్ల నోరు మూయించడానికి చట్టంలో ఒక షరతు పెట్టారు: జూదం ఆడే అంతస్తు నీళ్ల మీద తేలుతూ ఉండాలట. దాంతో క్యాసినోలకు కావాల్సింది సరిగ్గా జాలర్లు వాడుకునే చోటే అయింది. అంటే రేవు, లోతున్న ఒడ్డు, పడవ కట్టుకునే జాగా. ఒడ్డున గజం ధర పెరిగాక చేపల షెడ్డు కన్నా జూదశాలకు అమ్మడమే లాభమైంది.

ఉద్యోగాలు వచ్చాయి, నిజం. వేల మందికి వచ్చాయి. ఊరి ఖజానా నిండింది, బడులు బాగుపడ్డాయి. రొయ్యల వేట దెబ్బతినడానికి క్యాసినో ఒక్కటే కారణం కూడా కాదు. విదేశాల నుంచి చవగ్గా రొయ్యలు దిగాయి, 2010లో చమురు బావి పేలి సముద్రంలో నూనె పరుచుకుంది. ఆ తప్పులు క్యాసినో మీద వేయను. నేను చూడమనేది వేరే సంగతి. 2005 ఆగస్టు 29న కత్రినా తుఫాను ఆ తేలే క్యాసినోలను ఎత్తి ఒడ్డున పడేసింది. వాటిలో ఒకటి జాతీయ రహదారి దాటి అవతల పడింది. రెండు నెలలు కూడా తిరక్కుండానే ప్రభుత్వం చట్టం మార్చింది. నీళ్ల మీదే ఉండాలన్న షరతు పోయింది, తీరం నుంచి 800 అడుగుల లోపలి దాకా నేల మీదే కట్టుకోవచ్చు. పదిహేనేళ్ల ముందు చట్టంలో జనానికి ఇచ్చిన మాట తుఫాను శిథిలాలు పూర్తిగా తీయకముందే మారిపోయింది. మీకు ఇవాళ "నీళ్లలోకి రాం", "రేవు జోలికి రాం", "పదెకరాలే" అని నోటిమాటగా చెబుతుంటే ఈ కథ గుర్తుచేయండి. గోవాలో మాండవి నదిలో ఉన్న క్యాసినో పడవలను వేరేచోటికి తరలిస్తామని ప్రభుత్వాలు ఎన్నిసార్లు అన్నాయో, ఎన్నిసార్లు గడువు పొడిగించాయో కూడా చూడండి.

ఇప్పుడు డబ్బు ఎక్కణ్నుంచి వస్తుందో చూద్దాం. రూలెట్ అంటే అంకెల చక్రం తిప్పి, బంతి ఏ గడిలో ఆగుతుందో పందెం కాసే ఆట. యూరప్ తరహా రూలెట్ చక్రం మీద 0 నుంచి 36 దాకా 37 గళ్లుంటాయి. ఒక్కో గడి మీద ఒక్కో నాణెం పెడితే మొత్తం 37 నాణేలు. బంతి ఏదో ఒక గడిలో పడాల్సిందే. గెలిచిన గడికి 35, పెట్టిన నాణెంతో కలిపి 36 చేతికొస్తాయి. మిగిలిన ఒక్కటి క్యాసినోది. మోసం ఏమీ లేదు, అవసరం కూడా లేదు. డబ్బు వేసి మీట నొక్కితే బొమ్మలు తిరిగే స్లాట్ మెషిన్ ఇంకా వేగంగా లాగుతుంది. ఒక ఆట అయిదారు సెకన్లలో అయిపోతుంది, గంటకు ఆరేడు వందల ఆటలు. అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్ర చట్టం ప్రకారం మెషిన్ సగటున కనీసం 83 శాతం తిరిగివ్వాలి. వినడానికి ఉదారంగానే ఉంటుంది. కానీ వచ్చింది జేబులో వేసుకుని లేచిపోయేవాడెవడు? ఆ కనీసం లెక్కన 100 పెడితే 83, ఆ 83 మళ్లీ పెడితే 69, అదీ పెడితే 57. ఇలా కరిగిపోతూనే ఉంటుంది.

ఓడేది ఎవరన్నది అసలు ప్రశ్న. ఆస్ట్రేలియా ప్రభుత్వ ప్రొడక్టివిటీ కమిషన్ 2010లో ఇచ్చిన నివేదికలో, జూదానికి బానిసలై ఇబ్బంది పడుతున్నవాళ్ల నుంచే మెషిన్ల ఆదాయంలో దాదాపు 40 శాతం వస్తోందని అంచనా వేసింది. అంటే సరదాకి వచ్చి నాలుగు ఆటలు ఆడి వెళ్లిపోయే టూరిస్టు మీద ఈ వ్యాపారం నిలబడదు. మళ్లీ మళ్లీ వచ్చేవాడు కావాలి. విమానంలో వచ్చేవాడు ఏడాదికి ఎన్నిసార్లు వస్తాడు? నడిచి వచ్చేంత దూరంలో ఉన్నవాడు రోజూ రాగలడు.

మీ వృత్తి గురించి ఒక మాట అంటాను, తప్పుగా అనుకోకండి. నిన్న వల ఖాళీగా వచ్చినా ఇవాళ మళ్లీ వేయడం మీకు అలవాటు. నీళ్ల మీద అది తెలివి. గాలి మారుతుంది, చేప కదులుతుంది, మీరు చోటు మారుస్తారు, కాబట్టి ఓర్పుకి ఫలితం ఉంటుంది. మెషిన్ ముందు సరిగ్గా ఆ ఓర్పే మనిషిని ముంచుతుంది, ఎందుకంటే ఇప్పటి ఆటకు ముందు ఆటతో ఏ సంబంధమూ లేదు. ఎప్పుడొస్తుందో తెలియని ప్రతిఫలం కోసం ప్రాణి ఎంతసేపైనా ఒకే పని చేస్తూనే ఉంటుందని స్కిన్నర్ అనే మనస్తత్వవేత్త పావురాల మీద ప్రయోగాలు చేసి చూపించాడు. స్లాట్ మెషిన్ పనిచేసేది ఆ సూత్రం మీదే. దానికి తోడు మీకు రాబడి నెల జీతంలా కాకుండా నగదుగా, ఒక్కోరోజు ఎక్కువగా చేతికొస్తుంది. రేవు నుంచి ఇంటికి వెళ్లే దారిలో, రాత్రంతా తెరిచి ఉండే తలుపు ఒకటి పెడతామంటున్నారు. ఇది చాలామంది ఇల్లాళ్లకు ఇప్పటికే అర్థమైంది. మీటింగుల్లో వాళ్లను మాట్లాడనివ్వరు గానీ.

క్యాసినోలు నడిపే దేశాలకు ఈ సంగతి బాగా తెలుసు. మొనాకో తన పౌరులను తన క్యాసినోలో ఆడనివ్వదు. నేపాల్ కూడా అంతే. గోవాలో 2020 ఫిబ్రవరి నుంచి స్థానికులు లోపలికి వెళ్లకూడదు. సింగపూర్ తన పౌరుల దగ్గర ప్రవేశానికే రోజుకు 100 సింగపూర్ డాలర్లు పెట్టి, 2019లో దాన్ని 150 చేసింది. ఇంట్లోవాళ్లు దరఖాస్తు పెట్టి తమ మనిషిని లోపలికి రానివ్వకుండా ఆపించుకోవచ్చు. దక్షిణ కొరియాలో బొగ్గు గనులు మూతపడ్డ కొండ ప్రాంతాన్ని బతికించడానికి 2000లో కాంగ్‌వన్ ల్యాండ్ తెరిచారు. ఆ దేశస్తులు ఆడగలిగే క్యాసినో అదొక్కటే. నెలకు 15 రోజులకు మించి వెళ్లకూడదని హద్దు పెట్టారు. అయినా ఆ ఊరి వీధుల్లో తాకట్టు కొట్లు వరసగా వెలిశాయి, కార్లు కూడా కుదువ పెట్టుకుంటారు. మీ ఫైల్లో స్థానికుల ప్రవేశం గురించి ఏం రాశారు? ఏమీ రాయకపోతే మీరే వాళ్ల లెక్కలో కస్టమర్లు.

సరస్సు సంగతికి వద్దాం. అమెరికాలో కాలిఫోర్నియా, నెవాడా రాష్ట్రాల మధ్యలో లేక్ టాహో అనే సరస్సు ఉంది. నెవాడా వైపు ఒడ్డున క్యాసినోలు, వాటి వెంట హోటళ్లు, రోడ్లు, ఇళ్లు వచ్చాయి. ఆ సరస్సు నీళ్లెంత తేటగా ఉన్నాయో చూడటానికి చాలా సులువైన పద్ధతి ఉంది. తెల్లటి పళ్లెం లాంటి బిళ్లను తాడుకు కట్టి దింపుతారు, ఎంత లోతు దాకా కనిపిస్తే అంత తేట. 1968లో సగటున 100 అడుగుల పైచిలుకు కనిపించేది. ఇప్పుడు ఏడాదిని బట్టి 60 నుంచి 70 అడుగుల ఆసుపాసుల్లో ఆగిపోతోంది. జూదపు బల్లల నుంచి మట్టి కారలేదు లెండి. రోడ్ల మీది సన్నటి దుమ్ము, కట్టడాల నుంచి వచ్చే వాననీళ్లు, నాచును పెంచే పోషకాలు ఆ పని చేశాయి. 1960ల్లో ఒక ఏటి ముఖద్వారం దగ్గర, మట్టిని వడకట్టి సరస్సులోకి తేట నీళ్లు వదిలే పెద్ద బాడవ నేలను తవ్వి కాలువలు, ఇళ్ల స్థలాలు చేశారు. ఆ కాలువలు ఇవాళ కలుపుతో నిండిపోయి, తీసినకొద్దీ పెరుగుతోంది. చివరికి రెండు రాష్ట్రాలూ కూర్చుని, సరస్సు చుట్టూ కొత్త క్యాసినోలు వద్దని 1980 ఒప్పందంలో రాసుకున్నాయి.

మీ ఒడ్డున రెల్లు, జమ్ము ఉన్నచోటే చేప గుడ్లు పెడుతుందని మీకు నేను చెప్పాలా? కానీ గదిలోంచి నీళ్లు కనబడాలంటే ముందు నరికేది దాన్నే. ఇంకొకటి అంత సులువుగా కంటికి కనిపించదు. డాఫ్నియా అనే నలకంత ప్రాణులు పగలు లోతున దాక్కుని, చీకటి పడ్డాక పైకొచ్చి నాచు తింటాయి. వాటిని చేపపిల్లలు తింటాయి. ఒడ్డున రాత్రంతా దీపాలు వెలిగితే అవి పైకి రావడం తగ్గుతుందని శాస్త్రవేత్తలు కొలిచి చూశారు. తినేవాళ్లు రాకపోతే నాచు పెరుగుతుంది. పర్యావరణ రిపోర్టులో మురుగునీటి శుద్ధి గురించి పేజీలకు పేజీలుంటాయి. దీపాల గురించి ఒక్క వాక్యం ఉందేమో వెతకండి.

క్యాసినో శాశ్వతం కాదన్నది కూడా గుర్తుంచుకోవాలి. న్యూజెర్సీలోని అట్లాంటిక్ సిటీలో 1978లో మొదటిది తెరిచినప్పుడు ఆ చుట్టుపక్కల పోటీయే లేదు. 2006 నుంచి పక్క రాష్ట్రం పెన్సిల్వేనియా కూడా తెరవడం మొదలుపెట్టింది. 2014 ఒక్క ఏడాదిలో అక్కడి 12 క్యాసినోల్లో నాలుగు మూతపడ్డాయి, దాదాపు 8 వేల ఉద్యోగాలు పోయాయి. వాటిలో ఒకటి 240 కోట్ల డాలర్లతో కట్టి 2012లో తెరిచినది. రెండున్నరేళ్లయినా నడవలేదు, మరుసటి ఏడాది 8.2 కోట్లకు అమ్ముడుపోయింది. మీకు ఇవాళ చెబుతున్న ఉద్యోగాల సంఖ్య, పక్క జిల్లావాళ్లు కూడా క్యాసినో తెరిస్తే ఎంతవుతుందో అడగండి. ఖాళీ భవనాన్ని ఎవరు కూల్చాలో, ఆ ఖర్చుకు ఇప్పుడే బ్యాంకులో ఎంత డిపాజిట్ చేస్తారో కూడా అడగండి.

నష్టపరిహారం దగ్గర గొడవంతా పడవల లెక్కతో జరుగుతుంది. రిజిస్టరైన పడవకు ఇంత, వలకు ఇంత. పొద్దున్నే ఒడ్డు మీద ఏం జరుగుతుందో ఆ లెక్క రాసేవాళ్లు ఒక్కరోజైనా చూశారా? పడవ ఒడ్డు తాకేలోపే ఆడవాళ్లు బుట్టలతో నీళ్లలోకి దిగుతారు. చేతులు చకచకా కదులుతూ పెద్దవి ఒక పక్క, చిన్నవి ఒక పక్క, నలిగినవి ఎండబెట్టడానికి వేరుగా పడుతుంటాయి. ధర నోటితోనే తేలిపోతుంది, డబ్బు సాయంత్రం ఇచ్చుకుంటారు. వీళ్ల పేర్లు ఏ రిజిస్టర్లోనూ ఉండవు. చిన్నతరహా చేపల పనిలో ప్రపంచవ్యాప్తంగా ప్రతి పది మందిలో నలుగురు ఆడవాళ్లేనని ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ, మరికొన్ని సంస్థలు కలిసి 2023లో తేల్చాయి. ఒడ్డు పోతే వీళ్లకు కొనే చోటు, ఏరే చోటు, ఎండబెట్టే చోటు మూడూ ఒకేసారి పోతాయి. పడవ ఉన్నవాడు ఇంకో రేవుకైనా వెళ్తాడు. అదే సంస్థ సభ్యదేశాలు 2014లో ఒప్పుకున్న చిన్నతరహా మత్స్యకారుల మార్గదర్శకాల్లో ఆనవాయితీగా వస్తున్న నీటి హక్కులను, చేప అమ్మే ఆడవాళ్ల పనిని గుర్తించాలని ఉంది. చట్టంలా కట్టడి చేయదు, నిజమే. కానీ మీ వినతిపత్రంలో దాని పేరు రాస్తే అధికారి కనీసం చదివి జవాబివ్వాల్సి వస్తుంది.

కాబట్టి కంపెనీతో మాట్లాడే ముందు ప్రభుత్వంతో మాట్లాడండి. సరస్సు మీద, రేవు మీద, రేవుకెళ్లే దారి మీద మీ హక్కు కాగితం మీద ఉందా? లేకపోతే ముందు అది రాయించుకోండి. ఎన్నాళ్లు పట్టినా సరే. అది చేతికొచ్చాక ఎవరితోనైనా కూర్చోవచ్చు, అప్పుడు వాళ్లే మీ దగ్గరికి వస్తారు. యాజమాన్యంలో వాటా ఇవ్వనంటే, మీవాళ్లు లోపల ఆడకూడదన్న షరతు రాయనంటే, ఇక మాట్లాడటానికి ఏమీ లేదు. "ఇప్పుడు కాకపోతే పక్క సరస్సుకి వెళ్లిపోతాం" అని టెన్షన్ పెడతారు. వెళ్లనివ్వండి.

మీటింగు పెడితే ఒప్పందం మొత్తం, చివరి పేజీలతో సహా, మీ భాషలో నెల ముందే ఇవ్వమనండి. చేతులెత్తే పద్ధతి వద్దు. అప్పులిచ్చినవాడు పక్కనే కూర్చుని చూస్తుంటే ఎవరు ఎటు ఎత్తుతారో అందరికీ తెలుసు. చీటీల మీద ఓటు వేయించండి. ఇంటికొక ఓటు కాదు, పద్ధెనిమిదేళ్లు నిండిన ప్రతి మనిషికీ ఒకటి. గుమ్మం దగ్గర హాజరు పట్టీ పెట్టి సంతకాలు చేయించుకుంటారు. తర్వాత అవే సంతకాలు "గ్రామస్తుల అంగీకారం" కింద ఫైలుకి అతికించిన సందర్భాలుంటాయి. అందుకని ప్రతి పేజీ పైన "ఇది హాజరుకు మాత్రమే, అంగీకారం కాదు" అని ముందుగా రాయించండి. రాశాకే సంతకం పెట్టండి, ఆ పేజీలను ఫోనుతో ఫొటో తీసి పెట్టుకోండి. రాయడానికి ఒప్పుకోకపోతే సంతకం పెట్టకుండానే లోపలికి వెళ్లి కూర్చోండి.

ఇట్లు,
మీ మేలు కోరే ఒక పౌరుడు